మానని కాలును కడుగుట



మన గ్రామములలో తరచుగా వినబడు మాట ఒకటి కలదు. ఒక ఇంటిలో పెద్దమ్మకు బోదకాలు ఉండును. లేక తాతకు చీలమండ పైన ఏండ్ల తరబడి మానని పుండు ఉండును. కుమార్తెయో కోడలో ప్రతి సాయంకాలము నీళ్లు తెచ్చి ఆ కాలు కడుగును. ఇరుగు పొరుగువారు చూచి, "ఎంత కడిగితే ఏం లాభం, అది మానేది కాదు గదా" అందురు. ఆ మాటలో జాలి ఉన్నది, అలసట ఉన్నది. వాటితోకూడ ఒక తీర్పు కూడ ఉన్నది. పూర్తిగా బాగుచేయలేని పని చేయదగినది కాదనునదే ఆ తీర్పు. ఇది న్యాయమైన తీర్పేనా? మానని కాలును కడుగుట వ్యర్థమా? ఈ ప్రశ్నను గూర్చి మీతోకూడ ఆలోచింపగోరుచున్నాను.

మొదట ఆ వ్యాధి సంగతి తెలిసికొందము. తెలియని దానిని గూర్చి తీర్పు తీర్చుట మంచిది కాదు. బోదకాలు శాపమువలన వచ్చునని, పూర్వికుల పాపఫలమని చెప్పువారు మనలో నేటికిని కలరు. అది నిజము కాదు. మురుగునీటిలో పెరుగు క్యూలెక్సు జాతి దోమ రాత్రివేళ ఒకని కుట్టి, అతని రక్తములోనున్న, కంటికి కనబడని పిల్లపురుగులను పీల్చుకొనును. అవి దోమ శరీరములో కొన్ని దినములు ఎదిగి, అది మరియొకని కుట్టినప్పుడు వాని దేహములో ప్రవేశించును. అక్కడ దారపు పోగులవంటి పురుగులై, శోషరస నాళములలో ఏండ్ల తరబడి కాపురముండును. వీటినే ఫైలేరియా పురుగులందురు.

శోషరసమనగా ఏమి? రక్తము శరీరమంతట తిరుగునప్పుడు దానినుండి కొంత నీరు కండలలోనికి, చర్మములోనికి ఊరును. ఆ మిగులు నీటిని కూర్చి, తిరిగి రక్తములోనికి చేర్చు సన్నని కాలువలను దేవుడు దేహమందంతట అమర్చెను. చేనికి నీరు పెట్టు కాలువ ఎంత ముఖ్యమో, మిగులు నీటిని తీసివేయు మురుగు కాలువయు అంతే ముఖ్యమని గోదావరి, కృష్ణా డెల్టాల రైతులకు ఎవరును నేర్పనక్కరలేదు. మురుగు కాలువ పూడిపోయిన చేను ఊబియగును. శోషరస నాళములు చెడిన కాలును అట్లే వాచును. ఆ కాలును ముట్టినందున గాని, కడిగినందున గాని, ఆ మనుష్యునితో కూర్చుండి భుజించినందున గాని బోదకాలు మరియొకరికి అంటదు. ఈ ఒక్క సంగతి తెలియకపోవుటవలన ఎందరు తమ ఇంటిలోనే పరాయివారై బ్రదుకుచున్నారో!

ఇట్టి బాధలకు ఫైలేరియా ఒక్కటే కారణము కాదు. రొమ్ము క్యాన్సరుకు ఆపరేషను జరిగి చంకలోని గ్రంథులు తీయబడిన స్త్రీలకు చేయి ఈలాగుననే వాచవచ్చును. కాలి సిరలు ఉబ్బి చెడినవారికి చీలమండ పైభాగమున పుండుపడి, నెలలు ఏండ్లు మానకయుండును. మధుమేహమువలననో కుష్ఠువలననో పాదమునకు స్పర్శ పోయినవారికి అరికాలిలో పుండ్లు పడును. కారణములు వేరైనను ఇంటిలోని దృశ్యము ఒకటే. ఒక మూలన మంచము, మంచము క్రింద పాతగుడ్డలు, గదిలో వాసన, "ఈ సారి మానునేమో" అను ఆశ, మరల నిరాశ.

ఇప్పుడు "ఎంత కడిగితే ఏం లాభం" అను మాటకు వైద్యులు కనుగొనిన జవాబు వినుడి. పురుగులు నాళములను చెడగొట్టెను గనుక కాలు పెరుగుచునేయుండునని, చేయదగినదేమియు లేదని చాలాకాలము వైద్యులు సహా తలంచిరి. 1990ల దశకములో బ్రెజిల్ దేశపు రెసిఫె పట్టణములో జెరూసా డ్రెయర్ అను వైద్యురాలును ఆమె తోటివారును రోగులను దగ్గరనుండి పరిశీలించి వేరొక సంగతి కనుగొనిరి. బోదకాలు గలవారికి అప్పుడప్పుడు వణకుతో జ్వరము వచ్చి, కాలు ఎర్రబడి, గజ్జలో బిళ్ళకట్టి, వారిని మంచమెక్కించును గదా. ఆ జ్వరములు చాలవరకు వ్రేళ్ల సందులలోని పగుళ్ల గుండ లోపల చొరబడిన సూక్ష్మక్రిములవలన కలుగుచున్నవని వారు చూపిరి. జ్వరము వచ్చిన ప్రతిసారి మిగిలిన నాళములు మరికొన్ని చెడును. కాలు మరికొంత లావగును. చర్మము గట్టిపడి మరల పగులును. ఆ పగులే రాబోవు జ్వరమునకు వాకిలియగును.

ఈ వాకిలిని మూయుటకు వారు వాడిన సాధనములేవి? సబ్బు, మంచినీళ్లు, పొడిగుడ్డ, పగుళ్లకు కొంచెము మందు. ఆ దశకములోనే హైతీ దేశపు లెయోగాన్ పట్టణములోను బీదవారి మధ్య ఈ పద్ధతిని నేర్పిరి. మన దేశములో కేరళయందలి కాసరగోడులో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అప్లైడ్ డెర్మటాలజీ అను సంస్థవారు కడుగుటకు ఆయుర్వేద తైలములను, యోగాభ్యాసములను, వాపును అదుపుచేయు కట్టును జోడించి, రోగి తన ఇంటిలో తానే చేసికొనునట్లు నేర్పుచున్నారు. దినదినము శ్రద్ధగా కడుగుకొనువారికి జ్వరములు తగ్గుచున్నవని అనేక దేశములలో తేలినది. కాలు మునుపటివలె సన్నబడకపోవచ్చును. అయినను వాసన పోవును, చర్మము మెత్తబడును, నెలకొకసారి మంచమెక్కించు జ్వరము దూరమగును. జ్వరము రాని దినము పొలమునకు పోగలిగిన దినము. కూలివానికి అది అన్నము దొరకిన దినము. దీనిని లాభము కాదనగలమా?

కడుగు విధమును ఇక్కడనే చెప్పెదను. ఇది ఇంటిలో చదివి వినిపింపదగినది. దినమునకు ఒకసారియైనను శుభ్రమైన చల్లని నీటితో, మామూలు సబ్బుతో, మోకాలినుండి క్రిందికి మెల్లగా కడుగవలెను. గట్టిగా రుద్దరాదు, బండరాతితో తోమరాదు. వ్రేళ్ల సందులను, చర్మపు మడతలను విడదీసి కడుగవలెను. పిమ్మట మెత్తని పొడిగుడ్డతో అద్ది, సందులలో తేమ లేకుండ ఆరనియ్యవలెను. తేమ ఉన్నచోట బూజు పట్టి చర్మము ఒరయును. పగుళ్లకు వైద్యుడు చెప్పిన మందు వ్రాయవలెను. కూర్చున్నప్పుడు కాలు ఎత్తుపీటపైన పెట్టవలెను. పండుకొన్నప్పుడు మంచపు కాళ్లవైపు కోళ్ల క్రింద ఇటుకలుంచవచ్చును. గుండెజబ్బు గలవారు మాత్రము వైద్యుని అడిగి అట్లు చేయవలెను. చీలమండను పైకి క్రిందికి ఆడించుచుండవలెను. చెప్పులు ఒరయనివిగా, వెడల్పుగా ఉండవలెను. జ్వరము వచ్చి కాలు మండుచున్నప్పుడు మాత్రము వ్యాయామము మాని, విశ్రాంతి తీసికొని, చల్లని తడిగుడ్డ వేసి, ఆలస్యము చేయక వైద్యునియొద్దకు పోవలెను. ప్రభుత్వ ఆరోగ్యశాఖవారు బోదకాలు రోగులకు తొట్టి, చెంబు, సబ్బు, తువ్వాలు, పూతమందు గల సామగ్రిని పంపిణీ చేయుచుందురు. మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో దానిని గూర్చి అడుగుడి.

"ఇంతేనా?" అని కొందరందురు. ఈ మాట పాతదే. సిరియా సైన్యాధిపతియైన నయమాను కథ మీకందరికి తెలియును. అతడు రథములతో, వెండి బంగారములతో ప్రవక్త వాకిటికి వచ్చెను. ప్రవక్త బయటికి రాకయే, యొర్దానులో ఏడు మారులు స్నానము చేయుమని వర్తమానము పంపినప్పుడు అతనికి కోపము వచ్చెను. తన రోగమునకు తగినంత గొప్ప క్రియ జరుగునని అతడు ఎదురుచూచెను. నీళ్లలో మునుగుట అతనికి అవమానముగా తోచెను. అతనికి బుద్ధి చెప్పినవారు అతని పనివారే. నీళ్లు మోయుట, కాళ్లు కడుగుట, చిన్నపనిని చిన్నచూపు చూడక చేయుట వారికి తెలిసిన విద్య.

వైద్యశాస్త్రమును ఈ విషయములో నయమానువలె నడిచి, నయమానువలెనే నేర్చుకొనినదని నాకు తోచుచున్నది. పూర్వము ఇంత పెద్ద వాపునకు అంత పెద్ద ఆపరేషను కావలెనని తలంచిరి. కలకత్తాలో పనిచేసిన హేవ్‌లాక్ చార్లెస్ అను వైద్యుని పేరిట ఒక శస్త్రచికిత్స కలదు. 1912లో ప్రకటింపబడిన ఆయన వ్రాతకు ఈ పేరు ముడివేయబడినది. చెడిన చర్మమును, దాని క్రిందనున్న వాపు అంతటిని కండపై పొరవరకు కోసి తీసి, వేరొకచోటి చర్మమును తెచ్చి అతికింతురు. బహు తీవ్రమైన స్థితిలో కొందరికి అది నేటికిని అవసరపడవచ్చును. అయితే ఆ కోత పెద్దది, మానుటకు కాలము పట్టును, మచ్చలు మిగులును.

కాలక్రమమున కోత చిన్నదగుచు వచ్చెను. జపాను దేశపు వైద్యుడు ఇసావో కోషిమా 1990ల నుండి వృద్ధిచేసిన పద్ధతిలో, రెండు మూడు సెంటీమీటర్ల గాటు పెట్టి, సూక్ష్మదర్శినిలో చూచుచు, మిల్లీమీటరు కంటె సన్నని శోషరస నాళమును ప్రక్కనున్న చిన్న సిరతో కలిపి కుట్టుదురు. పూడిన మురుగు కాలువకు దగ్గరనున్న ఏటిలోనికి క్రొత్తగండి కొట్టినట్లుండును ఆ పని. చర్మము క్రింద ఒక ఆకుపచ్చని రంగుమందు ఎక్కించి, ప్రత్యేకమైన కెమెరాతో చూచి, ఇంకను పనిచేయుచున్న నాళములేవో గుర్తింతురు. మనిషికి పూర్తి మత్తు ఇయ్యక, ఆ చోటు మాత్రము మొద్దుబారునట్లు చేసి కూడ ఈ చికిత్స చేయవచ్చును. స్వీడను దేశపు మాల్మో పట్టణములో హోకన్ బ్రోర్సన్ అను వైద్యుడు, వాచిన చేతిలో గట్టిపడి క్రొవ్వుగా మారిపోయిన దానిని సన్నని గొట్టముతో చిన్న గాట్ల గుండ పీల్చి తీయు పద్ధతిని నెలకొల్పెను.

సిరల పుండ్ల విషయములోను ఇట్లే జరిగెను. చెడిన సిరను కోసి లాగివేయుటకు బదులు, సూదిరంధ్రము గుండ సన్నని తీగ దూర్చి, వేడితో ఆ సిరను లోపలినుండియే మూసివేయుదురు. బ్రిటనులో 450 మంది రోగులతో జరిగి 2018లో ప్రకటింపబడిన పరిశోధనలో, ఈ చికిత్సను ఆలస్యము చేయక మొదటనే పొందినవారిలో సగముమందికి 56 దినములలోపల పుండు మానెను. ఆలస్యముగా పొందినవారిలో అదే మేలునకు 82 దినములు పట్టెను. దాదాపు నాలుగు వారముల బాధ తగ్గినది. ఇది దేవుడు మనుష్యుల చేతులకిచ్చిన నేర్పు; దీనికొరకు ఆయనను స్తుతింపవలెను.

ఇప్పుడు, ప్రియులారా, నేను ముఖ్యముగా చెప్పదలచినది వినుడి. ఆ బ్రిటను పరిశోధనలో ముందు చికిత్స పొందినవారికిని, తరువాత పొందినవారికిని, అందరికిని కాలికి బిగువు కట్టు కట్టిరి. మాల్మోలో క్రొవ్వు తీయించుకొనినవారు బిగువు తొడుగును రాత్రింబగళ్లు, బ్రదికినంతకాలము ధరింపవలెను. విడిచినయెడల వాపు తిరిగివచ్చును. నాళమును సిరకు కలిపిన తరువాత కూడ అనేకులు తొడుగు వేసికొనవలసియే యున్నది, చర్మమును కాపాడుకొనవలసియే యున్నది. కోత ఎంత చిన్నదైనను, పనిముట్టు ఎంత సూక్ష్మమైనను, దినదిన శుశ్రూష అక్కడనే నిలిచియున్నది. గొప్ప వైద్యుడు చేయునది ఒక గంటపని. ఆ పనిని నిలువబెట్టునది ఇంటిలోని చేయి. మనము చిన్నదని యెంచిన ఆ చేతిపని గొప్ప చికిత్సకు పునాదిగా నున్నది.

వెల్లూరు ఆసుపత్రి మన రాయలసీమవారికి పొరుగూరి వంటిది. అక్కడి క్రైస్తవ వైద్య కళాశాలకు 1946లో వచ్చిన డాక్టరు పాల్ బ్రాండ్ కుష్ఠురోగుల పుండ్లను గూర్చి ఇట్టి సంగతినే నేర్చుకొనెను. వారి మాంసము చెడినది గనుక పుండు మానదని అందరును అనుకొనుచుండిరి. మాంసములో మానుశక్తి ఉన్నదని, నొప్పి తెలియక ఆ పుండుమీదనే మనుష్యుడు నడుచుటవలన అది మానకున్నదని ఆయన గ్రహించెను. పాదమునకు ప్లాస్టరు కట్టు కట్టి దానిపై భారము పడకుండ కాపాడినప్పుడు పుండు తనంతట తానే పూడుచువచ్చెను. మధుమేహ రోగుల అరికాలి పుండ్లకు నేటికిని అట్టి కట్టు లోకమందంతట వాడుచున్నారు. వైద్యుడు పుండును మాన్పలేడు. మానుటకు తావిచ్చును, కాపుకాయును. మాన్పువాడు దేహమును చేసినవాడే. కడుగువారును కట్టు కట్టువారును ఆయన పనికి చోటు సిద్ధపరచువారు.

ఇక్కడ మరియొక తలంపు వచ్చును. "మేము విశ్వాసులము. ప్రార్థన చేయించుకొంటిమి. ఇంకను కట్టు కట్టుకొనుట అవిశ్వాసము కాదా?" అని అడుగువారు కలరు, స్వస్థత కూటములకు పోయి వచ్చి కట్లు విప్పి పారవేసినవారును కలరు. వారి ఆశను నేను ఎగతాళి చేయను. ఏండ్ల తరబడి బాధపడినవారికి ఆ ఆశ ఎంత ప్రియమైనదో ఎరుగుదును. అయితే హిజ్కియా రాజు సంగతి చూడుడి. అతడు బాగుపడునని దేవుడే ప్రవక్తద్వారా మాట ఇచ్చెను. మాట ఇచ్చిన తరువాతనే యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి అతని పుండుమీద వేయించెను. వాగ్దానము వచ్చిన ఇంటిలోనికి ముద్దయు వచ్చెను. ప్రార్థన చేసిన చేతులతోనే కట్టు కట్టవచ్చును. కట్టు కట్టించుకొన్నవానిని చూచి "నీకు విశ్వాసము చాలదు" అనువాడు పుండుమీద మరియొక పుండు చేయుచున్నాడు.

సరే, ప్రశ్నయొద్దకు మరల వచ్చెదము. కడిగినందున మేలున్నదని వైద్యులు చెప్పిరి. అయితే ఆ మేలు కూడ కలుగనిచోట ఏమందుము? కొన్ని కాళ్లు ఎంత కడిగినను అట్లే యుండును. కొన్ని పుండ్లు మనుష్యునితోకూడ సమాధివరకు పోవును. అక్కడ కడుగుట వ్యర్థమేనా?

అన్నము తిన్నను మరల ఆకలి వేయును గదాయని ఎవడును పొయ్యి ఆర్పడు. సాయంకాలమునకు దుమ్ములో పొర్లునని తెలిసియే తల్లి బిడ్డకు ఉదయమున స్నానము చేయించును. అరణ్యములో దేవుడు మన్నాను ఒకే మారు నలువది సంవత్సరములకు సరిపడ కురిపింపలేదు. ఏ దినమునకు ఆ దినమే ఇచ్చెను. బ్రదుకునకు కావలసిన పనులన్నియు మరల మరల చేయవలసినవే. రోగి కాలియొద్దకు వచ్చినప్పుడు మాత్రము "ఒక్కసారితో తీరునా?" అని ఏల అడుగుచున్నాము? ఆ కాలు గలవాడు మనకు ఇక పనికిరాడని మనస్సులో ఎక్కడనో నిశ్చయించుకొనుటవలన కాదా? ఈ ప్రశ్న కఠినమైనది. అయినను దానిని మన హృదయమునకు వేసికొనక తప్పదు.

మన ప్రభువు శిష్యుల పాదములు కడిగిన రాత్రిని తలంచుకొనుడి. భోజనము దగ్గరనుండి లేచి, తువ్వాలు నడుమునకు కట్టుకొని, పళ్లెములో నీళ్లు పోసి వంగెను. ఆ కడిగిన పాదములు ఎంతసేపు శుభ్రముగా నుండెను? అదే రాత్రి అవి కెద్రోను వాగు దాటి తోటకు నడిచెను. దుమ్ము మరల అంటెను. అంతకంటె విచారకరమైనది కూడ జరిగెను. తెల్లవారకమునుపే ఆ పాదములు ఆయనను విడిచి పారిపోయెను. రెండు పాదములు ఆయనను అప్పగించుటకే చీకటిలోనికి వెళ్లెను. ఆయన అన్నియు ఎరిగియుండెను. ఎరిగియు ఒక్క పాదమునైనను దాటిపోలేదు. ఫలితము నిలుచునా అని లెక్కవేసికొని కడిగినయెడల ఆ రాత్రి పళ్లెములో నీళ్లు పోయనవసరమే లేకపోయెను. వారు ఆయనవారు గనుక కడిగెను. మానని కాలును కడుగువారికి ఇంతకంటె వేరు సమాధానము నాయొద్ద లేదు. ఇది చాలునని నమ్ముచున్నాను.

అయితే ఈ మాటను సోమరితనమునకు వాడుకొనరాదు. "ఇంటిలో కడుగుచున్నాము గదా, ఆసుపత్రి ఎందుకు?" అనరాదు. మంచి సమరయుడు గాయములు కట్టి అక్కడనే కూర్చుండలేదు. తన పశువుమీద ఎక్కించి పూటకూళ్లవాని యింటికి కొనిపోయెను. నేను చెప్పిన చిన్న కోత చికిత్సలు వాపు మొదటి దశలో, నాళములు ఇంకను కొంత పనిచేయుచున్నప్పుడు ఎక్కువ మేలు చేయును. కాలు బండవలె గట్టిపడిన తరువాత తక్కువ. అవి అన్ని ఊళ్లలో దొరకవు, ఖర్చును కలదు. కాబట్టి పాదము కొంచెము వాచి రాత్రికి తగ్గుచున్న దినములలోనే వైద్యునికి చూపుడి. ఆరు వారములైనను మానని పుండు గలవారు నాటువైద్యపు ఆకుపసరులతో కాలము గడపరాదు. బిగువు కట్టును కూడ మీ అంతట మీరు కట్టుకొనరాదు. కాలికి రక్తప్రసారము చక్కగా నున్నదో లేదో వైద్యుడు చూచిన తరువాతనే కట్టవలెను.

ఆ సమరయుని కథలో మరియొక సంగతి కలదు. అతడు మిగిలిన భారమును పూటకూళ్లవానితో పంచుకొనెను, ఖర్చు తానిచ్చెను, తిరిగివచ్చెదనని చెప్పెను. మన ఇండ్లలో ఈ భారము ఎవరిమీద పడుచున్నది? తరచుగా ఒకే కోడలిమీద, లేక బడి మాన్పించిన ఒక ఆడపిల్లమీద. ఆమె కడుగుచున్నంతకాలము మిగిలినవారు "దేవుడు నిన్ను దీవించును" అని దాటిపోవుదురు. ఇది దయ కాదు. కుమారులారా, కాళ్లు కడుగుట స్త్రీల పని అని మీకు ఎవరు చెప్పిరి? పళ్లెము పట్టుకొనినవాడు పురుషుడు గదా, అందరికి బోధకుడును ప్రభువును గదా. వారములో ఒక దినమైనను ఆ తువ్వాలు మీరు నడుమునకు కట్టుకొనుడి.

వ్యాధిగలవారితో ఒక మాట. పేతురు తన పాదములు కడుగనియ్యనని పట్టుపట్టెను. కడుగుటకంటె కడిగించుకొనుట కొన్నిసార్లు కష్టము. "నా వాసన ఇతరులకెందుకు" అని మీరు గుడి వెలుపల వేపచెట్టు క్రింద కూర్చుండుట, పెండ్లిండ్లకు పోకుండుట, బల్ల దినమున రాకుండుట సంఘ దర్శనములలో చూచుచున్నాను. సహోదరీ, సహోదరుడా, మీరు లేని చాప ఖాళీగానే యుండును. మీరు వంగి మీ వ్రేళ్లు అందుకొనలేనప్పుడు అందుకొను చేతిని అడ్డగింపకుడి.

సంఘములకు కొన్ని సంగతులు మనవి చేయుచున్నాను. మన గుళ్లలో చాపలమీద కూర్చుండుదుము; వాచిన కాలిని గంటసేపు మడుచుకొనుట బహు బాధ. గోడప్రక్కన ఒక కుర్చీ, కాలు పెట్టుకొనుటకు ఒక పీట ఉంచుడి, అడుగకముందే ఉంచుడి. మనము చెప్పులు వాకిట విడుతుము. పుండుగలవారిని, స్పర్శలేని పాదము గలవారిని మాత్రము చెప్పులతోనే లోపలికి రానియ్యుడి. మోషే చెప్పులు విప్పిన చోట ముళ్లు గ్రుచ్చుకొనవలెనని దేవుడు కోరలేదు. పెద్దలు ఎవరైనను పింఛను కాగితములు వ్రాయించుటకు తోడుగా పోవలెను. తీవ్రమైన బోదకాలు గలవారికి రెండు తెలుగు రాష్ట్రములలోను ప్రభుత్వ పింఛను కలదు, చదువురానివారు దానిని విడిచిపెట్టుచున్నారు.

మరియొకటి. ఆరోగ్యశాఖవారు ఫైలేరియా మాత్రలు పంచుటకు వచ్చినప్పుడు, "మాకేమి రోగము లేదు" అని ఆ మాత్రలను పెరటిలో పారవేయకుడి. మన దేశములో 2004 నుండి ఈ సామూహిక పంపిణీ జరుగుచున్నది. 2027 నాటికి ఈ వ్యాధివ్యాప్తిని నిలిపివేయవలెనని ప్రభుత్వము లక్ష్యముగా పెట్టుకొనినది. ఆ మాత్ర వాచిన కాలిని సన్నపరచదు. రక్తములోని పిల్లపురుగులను చంపి, దోమ మరియొకనికి మోసికొనిపోవుటకు ఏమియు లేకుండ చేయును. గర్భిణులు, రెండేండ్లలోపు పిల్లలు, తీవ్రమైన జబ్బుగలవారు తప్ప తక్కినవారందరు దానిని మ్రింగవలెను. బాగున్నవాడు ఇంకను పుట్టని పొరుగువాని కాలికొరకు మ్రింగు మాత్ర అది. మురుగుగుంట పూడ్చుటయు, దోమతెర కట్టుటయు అట్టి ప్రేమలోనివే.

ప్రియులారా, మీలో కొందరు ఈ మాటలు చదువునప్పటికి చేతులు తడిగానే యుండును. ఇప్పుడే ఎవరి కాలో కడిగి వచ్చి కూర్చుండియుందురు. రేపును కడుగవలెనని మీకు తెలియును. ఆ పనిని మనుష్యులు లెక్కింపకపోవచ్చును. ఎవరును సన్మానసభ చేయరు. పళ్లెమును తువ్వాలును ఎరిగిన ప్రభువు మీ పనిని ఎరిగియున్నాడు. తక్కినవారలారా, ఈ సాయంకాలము మీ వీధిలో అట్టి ఇల్లు ఏదో చూడుడి. గొప్ప మాటలేవియు సిద్ధపరచుకొనకుడి. ఒక బిందె నీళ్లు తోడి తీసికొనిపోయి, తలుపు తట్టుడి.